పేరు వెతుక్కుంటూ ఢిల్లీకి: నేషనల్ వార్ మెమోరియల్‌కి గ్రూపుగా వెళ్లడం ఎలా

మన దగ్గర చాలా ఊళ్ల కూడళ్లలో ఒక జవాన్ విగ్రహం కనిపిస్తుంది. ఆగస్టు 15కి, జనవరి 26కి దండ వేస్తాం, పిల్లల చేత జై హింద్ అనిపిస్తాం. అదే జవాన్ పేరు ఢిల్లీలో ఇండియా గేట్ పక్కన గ్రానైట్ పలక మీద బంగారు రంగు అక్షరాల్లో ఉంటుంది. ఆ అబ్బాయి తల్లి దాన్ని ఒక్కసారైనా చూసిందా అని అడిగితే ఎక్కువసార్లు వచ్చే జవాబు "ఎవరు తీసుకెళ్తారు బాబూ" అనే. ఆ తీసుకెళ్లే పని మీరు పెట్టుకోవాలనుకుంటే ఈ వివరాలు పనికొస్తాయి. మాజీ సైనికుల సంఘం, పూర్వ విద్యార్థుల బృందం, కాలనీ అసోసియేషన్, ఊరి యువజన సంఘం, ఎవరైనా చేయగలిగిన పనే ఇది.

ఒక్కటి మాత్రం మొదటే మనసులో పెట్టుకోండి. ఢిల్లీ టూర్‌లో ఒక పూట మెమోరియల్ చూసి రావడం వేరు, ఒక పేరు కోసం ఢిల్లీ వెళ్లడం వేరు. రెండోదైతేనే ఇంత శ్రమకి అర్థం. తేదీ, రైలు, బస అన్నీ ఆ పేరు చుట్టూ కుదుర్చుకోండి. ఎర్రకోట, కుతుబ్ మినార్ టైం మిగిలితే చూద్దురు గానీ.

ముందు పేరు ఎక్కడుందో తేల్చుకోండి

ఇండియా గేట్ మీద అన్ని యుద్ధాల వాళ్ల పేర్లూ ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఉండవు. దానికి 1921లో పునాది రాయి వేశారు, 1931లో ప్రారంభించారు. దాని మీద ఉన్నవి మొదటి ప్రపంచ యుద్ధంలో, 1919 అఫ్గాన్ యుద్ధంలో పోయిన బ్రిటిష్ కాలపు సైనికుల పేర్లు. మీ తాత తండ్రి ఆ రోజుల్లో అఫ్గాన్ సరిహద్దుకి వెళ్లి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకుంటుంటే అక్కడ వెతకడంలో అర్థం ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్ల పేర్లు నేషనల్ వార్ మెమోరియల్‌లో ఉంటాయి. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. ఇండియా గేట్‌కి ఆనుకుని, సుమారు 40 ఎకరాల స్థలం. 1947-48 కశ్మీర్, 1962 చైనా యుద్ధం, 1965, 1971, సియాచిన్, శ్రీలంకకి వెళ్లిన శాంతి సేన, కార్గిల్, ఇంకా సరిహద్దుల్లో, ఉగ్రవాదులతో జరిగిన పోరాటాల్లో పోయినవాళ్లు, అందరి పేర్లూ కలిపి 25 వేలకి పైగా ఉన్నాయి. గల్వాన్‌లో 2020 జూన్ 15న వీరమరణం పొందిన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు పేరు ఇక్కడుంది. 1999 జూన్‌లో కార్గిల్ కొండల మీద పోరాడి ప్రాణాలిచ్చిన మేజర్ పద్మపాణి ఆచార్య పేరూ ఇక్కడుంది. ఆయన కుటుంబం హైదరాబాద్‌లోనే స్థిరపడింది.

మరి రెండో ప్రపంచ యుద్ధం వాళ్లు? పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అంటారు. ఆ ఊరి నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకీ జనం వెళ్లారు. అలాంటి ఊళ్ల వాళ్లకి ఈ ప్రశ్న వస్తుంది. బర్మా, ఆఫ్రికా, ఇటలీల్లో పోయినవాళ్ల సమాధులు, స్మారకాలు ఎక్కువగా ఆయా దేశాల్లోనే ఉన్నాయి. ఆ రికార్డులన్నీ కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ చూస్తుంది. దాని వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతకొచ్చు. ఢిల్లీ కంటోన్మెంట్‌లోని వార్ సిమెట్రీ కూడా వాళ్లదే.

ఇక పేరు వెతకడం. ఇక్కడ ఓపిక కావాలి. మనవాళ్ల ఇంటిపేర్లు, ఇనీషియల్స్ మిలిటరీ రికార్డుల్లోకి ఎక్కేటప్పుడు రకరకాలుగా మారిపోతాయి. ఇంట్లో వెంకటేశ్వర్లు అని పిలిచే మనిషి అక్కడ వెంకటేశ్వర రావో, వెంకటేశ్వరో అయి ఉంటాడు. ఇంటిపేరు ముందుకో వెనక్కో జరిగి ఉంటుంది. అందుకని పేరు ఒక్కటే నమ్ముకోకండి. సర్వీసు నంబరు, ర్యాంకు, రెజిమెంటు, మరణించిన తేదీ, ఈ నాలుగూ రాసుకోండి. ఇవి కుటుంబ పెన్షన్ కాగితాల్లో ఉంటాయి. ట్రంకు పెట్టె అడుగున ఉన్న పాత టెలిగ్రాం మీద, యూనిట్ నుంచి వచ్చిన ఉత్తరం మీద కూడా ఉంటాయి. కాగితాలేవీ మిగల్లేదంటే మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. యుద్ధ వితంతువుల వివరాలు వాళ్ల దగ్గర ఉంటాయి.

తర్వాత నేషనల్ వార్ మెమోరియల్ వెబ్‌సైట్‌లో వెతకండి. ఒక స్పెల్లింగుతో రాకపోతే రెజిమెంటు, సంవత్సరం పెట్టి చూడండి. దొరికాక ఆ పేజీని ఫోన్‌లో ఫొటోగా దాచుకోవడమే కాకుండా ప్రింటు తీసి కుటుంబం చేతికివ్వండి. ఆ కాగితం చేతికి రాగానే ఇంట్లో మాటలు మొదలవుతాయి. అంతకుముందు ఎవరూ చెప్పని సంగతులు అప్పుడు బయటికొస్తాయి. గ్రూపులో ఒకరు పక్కన కూర్చుని వాటిని రాసిపెడితే ఇంకా మంచిది.

ఏ తేదీకి వెళ్లాలి

డిసెంబర్ 16 విజయ్ దివస్. 1971లో ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం చేసిన రోజు. 93 వేల మంది యుద్ధ ఖైదీలుగా చిక్కారు. ఉత్తరాంధ్ర వాళ్లకి ఆ యుద్ధం మరీ దగ్గరిది. డిసెంబర్ 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది విశాఖ రేవు ముందే. జూలై 26 కార్గిల్ విజయ్ దివస్. జనవరి 26న పెరేడ్‌కి ముందు ప్రధానమంత్రి వార్ మెమోరియల్‌కి వచ్చి నివాళులర్పిస్తారు.

ఈ రోజుల్లో వెళ్తే వాతావరణమే వేరుగా ఉంటుంది, నిజమే. కానీ ఆ ఉదయాల్లో రక్షణ మంత్రి, త్రివిధ దళాల అధిపతులు వస్తారు. ఆ పూట మామూలు జనాన్ని దూరంగానే ఆపేస్తారు. జనవరి 26 సంగతైతే చెప్పనే అక్కర్లేదు, ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ మూసేస్తారు. పైగా కార్గిల్ దివస్ ప్రధాన కార్యక్రమం లద్దాఖ్‌లోని ద్రాస్‌లో జరుగుతుంది.

అందుకే నా మాట: పెద్ద రోజుకి వెళ్లాలనుకుంటే డిసెంబర్ 16 సాయంత్రాన్ని ఎంచుకోండి, ఉదయాన్ని వదిలేయండి. అంతకన్నా మంచిది ఇంకొకటుంది. మీ ఊరి జవాన్ వీరమరణం పొందిన తేదీకే వెళ్లండి. ఆ రోజు ఢిల్లీలో జెండాలు, టీవీ కెమెరాలు ఉండవు. కానీ మెమోరియల్‌లో రిట్రీట్ కార్యక్రమం ప్రతి సాయంత్రం జరుగుతుంది. సూర్యాస్తమయానికి ముందు సైనికులు కవాతుగా వస్తారు. అమరుడి కుటుంబం చేత జ్యోతి దగ్గర పుష్పగుచ్ఛం పెట్టిస్తారు. ఏడాది పొడవునా, రోజుకో కుటుంబం. ఏ మంగళవారమో బుధవారమో అయినా ఆ మర్యాదలో తేడా ఉండదు.

సీజన్ కూడా చూసుకోండి. మే, జూన్ ఎండలకి పెద్దవాళ్లని తీసుకెళ్లొద్దు. అక్టోబర్ చివర నుంచి నవంబర్ అంతా ఢిల్లీ గాలి పాడైపోతుంది, ఆయాసం ఉన్నవాళ్లకి కష్టం. డిసెంబర్ మధ్య నుంచి జనవరి వరకు పొగమంచుకి రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఫిబ్రవరి రెండో సగం, మార్చి హాయిగా ఉంటాయి. వీరమరణం తేదీ జూన్‌లో పడిందనుకోండి, తల్లి వయసు డెబ్భై దాటిందనుకోండి, తేదీ పట్టింపు వదిలేసి మార్చిలో వెళ్లండి.

పుష్పగుచ్ఛం కుటుంబం చేత పెట్టించాలంటే

దీనికి కనీసం మూడు నెలల ముందు కదలాలి. రెండు దారుల్లో అడగండి. ఒకటి, ఆ సైనికుడి రెజిమెంటు రికార్డ్ ఆఫీసు. మద్రాస్ రెజిమెంట్ వాళ్లకి వెల్లింగ్టన్, సైన్యపు ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్స్‌కి బెంగళూరు, ఇలా ఒక్కో రెజిమెంటుకి ఒక్కో చోట ఉంటుంది. రెండు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. మెమోరియల్ నిర్వాహకులకి కూడా ఒక ఈమెయిల్ పెట్టండి.

ఉత్తరం ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఒక పేజీకి మించకుండా రాయండి. సైనికుడి నాలుగు వివరాలు, వెబ్‌సైట్‌లో పేరున్న పేజీ ప్రింటు, కుటుంబంలో వచ్చేది ఎవరు, వాళ్లకి ఆయన ఏమవుతాడు, ఆధార్ నంబర్లు, గ్రూపులో మొత్తం ఎంతమంది, ఏ తేదీలు కుదురుతాయి. ఒకే తేదీ ఇవ్వొద్దు, మూడు తేదీలివ్వండి. నడవలేనివాళ్లుంటే ఆ మాట రాసి వీల్‌చైర్ అడగండి. కింద ఫోన్ నంబరు గ్రూపులో హిందీ బాగా వచ్చినవాళ్లది ఉండాలి. అవతలి నుంచి ఫోన్ వస్తే హిందీలోనే మాట్లాడతారు. తల్లి నంబరు ఇచ్చారంటే ఆమె కంగారు పడుతుంది.

జవాబు ఆలస్యమైతే టెన్షన్ పడకండి, మర్యాదగా మళ్లీ రాయండి. ఆ అవకాశం దొరక్కపోయినా ప్రయాణం మానుకోవాల్సిన పనిలేదు. మెమోరియల్‌లోకి వెళ్లడానికి టికెట్ లేదు. సాయంత్రం కార్యక్రమాన్ని ఎవరైనా నిలబడి చూడొచ్చు. మీ గ్రూపు తరఫున విడిగా పుష్పగుచ్ఛం పెట్టాలనుకుంటే దానికీ ముందే రాసి అడగండి. అనుమతి చేతికి రాకముందే పూలకి ఆర్డర్ ఇవ్వొద్దు.

గ్రూపు, డబ్బు, బాధ్యతలు

ఇరవై, పాతిక మందికి మించొద్దు. అంతకన్నా పెరిగితే మెట్రోలో ఒకరు ఎక్కితే ఒకరు దిగుతారు. కుటుంబ సభ్యుల ఖర్చు వాళ్ల మీద వేయకండి, మిగతావాళ్లంతా కలిసి భరించండి. ఈ సంగతి మొదటి మీటింగులోనే చెప్పేయాలి, లేకపోతే రైల్లో కూర్చున్నాక ఆ తల్లి కొంగు ముడి విప్పి డబ్బులు తీస్తుంది. అలా జరగనివ్వకూడదు.

పనులు పంచుకోండి. ఒకరు టికెట్లు, ఒకరు డబ్బు లెక్క, ఒకరు మందులు. కుటుంబం పక్కన ఎప్పుడూ ఒకే మనిషి ఉండాలి, వీలైతే వాళ్ల వరసైన మనిషి. "పెద్దమ్మా, ఇటు రండి, ఇక్కడ కూర్చోండి" అని చనువుగా చేయి పట్టుకుని నడిపించగలిగేవాళ్లు. ఈ పనికి కుర్రాళ్లు సరిపోరని అనుకోకండి. మనవడి వయసు పిల్లాడైతే ఆమె ఇంకా తేలిగ్గా ఉంటుంది. మాజీ సైనికుడు ఒకరు తోడుంటే సగం పనులు సులువవుతాయి. ఎక్కడ నిలబడాలో, ఎవరిని ఎలా పలకరించాలో ఆయనకి తెలుసు. యూనిఫాంలో ఉన్నవాళ్లతో ఆయన భాష కలుస్తుంది.

ఫొటోలు, వీడియోలు ఎవరు తీయాలో కూడా ముందే నిర్ణయించండి. ఒక్కరే తీయాలి. మిగతావాళ్ల ఫోన్లు జేబుల్లో ఉండాలి. ఇది కటువుగా అనిపించొచ్చు. కానీ ఒక తల్లి కొడుకు పేరు ముందు నిలబడి ఏడుస్తుంటే ఎదురుగా పది ఫోన్లు లేవడం నేను చూశాను. ఆమె కొంగుతో ముఖం కప్పుకుని పక్కకి వెళ్లిపోయింది. అంత దూరం వచ్చింది ఆ ఒక్క నిమిషం కోసమే.

రైలు, బస, భోజనం

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. డిసెంబర్ 13న బయల్దేరాలంటే అక్టోబర్ 14 ఉదయం టికెట్లు తీయాలన్నమాట. ఆన్‌లైన్‌లో ఒక టికెట్ మీద ఆరుగురికే వస్తుంది. పాతిక మందికి ఒకే బోగీలో కావాలంటే సంఘం లెటర్ హెడ్ మీద పేర్లు, వయసులతో పెద్ద స్టేషన్ రిజర్వేషన్ ఆఫీసులో ముందుగా కలవండి. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి విజయవాడ మీదుగా ఏపీ ఎక్స్‌ప్రెస్ నేరుగా న్యూఢిల్లీ స్టేషన్‌కే వెళ్తాయి. కింది బెర్తులు పెద్దవాళ్లకి వచ్చేలా వయసులు సరిగ్గా వేయండి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కి ఒక పగలు, ఒక రాత్రి పడుతుంది. పొగమంచు రోజుల్లో దాని మీద ఇంకో పూట కలుపుకోండి. కార్యక్రమం 16న అయితే 14కే ఢిల్లీ చేరేలా చూసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న ఒకరిద్దరిని విమానంలో పంపడం కుదిరితే పంపండి.

బస విషయంలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఏపీ భవన్, తెలంగాణ భవన్. అశోకా రోడ్డులో ఉంటాయి, మెమోరియల్‌కి నడిచి వెళ్లేంత దగ్గర. కానీ గదుల్లో ప్రజాప్రతినిధులకి, అధికారులకే మొదటి ప్రాధాన్యం. అమరవీరుడి కుటుంబమని చెప్పి మీ ఎమ్మెల్యే లేదా ఎంపీ ఆఫీసు నుంచి ముందుగా లేఖ పెట్టించి చూడండి. కనీసం కుటుంబానికైనా ఒక గది దొరికితే మేలే. దొరుకుతుందని నమ్మి మాత్రం బయల్దేరొద్దు. మిగతావాళ్లకి కరోల్ బాగ్ వైపు లాడ్జీలు చూసుకోండి. మాజీ సైనికుల గుర్తింపు కార్డు ఉన్నవాళ్లు సైనిక్ రెస్ట్ హౌస్ గురించి అడగొచ్చు.

గది దొరకకపోయినా భోజనం మాత్రం ఏపీ భవన్ క్యాంటీన్‌లోనే చేయండి. అక్కడ అందరికీ పెడతారు. రెండ్రోజులు రొట్టెలు తిని నీరసపడ్డ పెద్దవాళ్లకి వేడి అన్నంలో పప్పు, పచ్చడి, పొడి కనపడగానే ముఖంలో కళ వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి రద్దీ విపరీతం, పన్నెండున్నరకే వెళ్లిపోండి. ఆ పక్కనే ఉన్న హైదరాబాద్ హౌస్‌ని పిల్లలకి చూపించండి. నిజాం కోసం లుట్యెన్స్ కట్టిన భవనం అది, ఇండియా గేట్‌ని రూపొందించిందీ ఆయనే. ఇప్పుడు విదేశీ నేతలు వస్తే సమావేశాలు జరిగేది అందులోనే. అలాంటి రోజుల్లో ఆ రోడ్లు దిగ్బంధమైపోతాయి, పొద్దున్నే పేపరు చూసుకుని బయల్దేరండి.

సామానులో చలి సంగతి మర్చిపోవద్దు. మన చలికాలం అలవాటుతో ఒక శాలువా కప్పుకుని వస్తే డిసెంబర్ సాయంత్రం ఢిల్లీలో నిలబడలేరు. స్వెట్టర్, మంకీ క్యాప్, సాక్సులు, చెప్పుల బదులు బూట్లు. చీర మీదకి నిండు స్వెట్టర్ ఊళ్లో దొరక్కపోతే హైదరాబాద్‌లో రైలెక్కే ముందే కొనండి. బీపీ, షుగర్ మాత్రలు ఎవరివి వాళ్ల దగ్గర ఒక సెట్, మందుల బాధ్యత తీసుకున్నవాళ్ల దగ్గర ఇంకో సెట్ ఉండాలి. అసలు ఆధార్ కార్డులు అందరి దగ్గరా ఉండాల్సిందే.

ఆ రోజు

శీతాకాలంలో మెమోరియల్ ఉదయం 9 నుంచి సాయంత్రం ఆరున్నర వరకు, ఎండాకాలంలో ఏడున్నర వరకు తెరిచి ఉంటుంది. డిసెంబర్ మధ్యలో ఢిల్లీలో ఐదున్నరకి ముందే పొద్దుగూకుతుంది. కాబట్టి మధ్యాహ్నం రెండున్నరకల్లా గేటు దగ్గర ఉండండి. భోజనం చేసి, బాత్రూం పని ముగించుకుని రావాలి. మెట్రోలో అయితే న్యూఢిల్లీ స్టేషన్ నుంచి ఎల్లో లైన్‌లో సెంట్రల్ సెక్రటేరియట్ దిగి కర్తవ్య పథ్ వెంట నడవాలి. రెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. పెద్దవాళ్లున్న గ్రూపుకి నేను టెంపో ట్రావెలరే మాట్లాడుకోమంటాను. ఇండియా గేట్ చుట్టూ ఉన్న రోడ్డు మీద బండ్లు ఆగనివ్వరు. ఎక్కడ దింపుతాడో, మళ్లీ ఎక్కడ ఎక్కించుకుంటాడో డ్రైవరుతో ముందే తేల్చుకోండి. రోడ్డు దాటడానికి సబ్‌వేలు ఉన్నాయి, అవే వాడండి.

సంచులు తనిఖీ చేస్తారు. తినుబండారాలు, పెద్ద బ్యాగులు బండిలోనే వదిలేయండి.

లోపలికి వెళ్లగానే అందరూ మధ్యలో ఉన్న స్తంభం వైపు పరుగెడతారు. మీరు ఆగండి. ఈ స్మారకం ఒకదాని చుట్టూ ఒకటి నాలుగు వలయాలుగా ఉంటుంది. నడిమధ్యన అమర్ చక్ర, అందులో పదిహేనున్నర మీటర్ల స్తంభం, దాని కింద ఆరని జ్యోతి. ఇండియా గేట్ కింద 1972 నుంచి వెలిగిన అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరి 21న తెచ్చి ఇందులోనే కలిపారు. కాబట్టి ఇండియా గేట్ కింద జ్యోతి కోసం వెతుక్కోవద్దు. తలకిందులుగా నిలిపిన తుపాకీ, దాని మీది హెల్మెట్ కూడా ఇప్పుడు ఇటే ఉన్నాయి. అమర్ చక్ర చుట్టూ వీరతా చక్ర. అందులో మన సైన్యం చేసిన పోరాటాల మీద ఆరు కంచు శిల్ప ఫలకాలున్నాయి: తిత్వాల్, రెజాంగ్ లా, లోంగేవాలా, గంగాసాగర్, సియాచిన్‌లో ఆపరేషన్ మేఘదూత్, కరాచీ రేవు మీద నౌకాదళం చేసిన ఆపరేషన్ ట్రైడెంట్. తర్వాతిది త్యాగ్ చక్ర. మీరు వెతికే పేరు ఉండేది అక్కడ. అన్నిటికన్నా బయట చెట్ల వరసలతో రక్షక్ చక్ర.

త్యాగ్ చక్ర గోడలు చక్రవ్యూహం లాగా అమర్చి ఉంటాయి. ఒక్కో పేరుకి ఒక్కో పలక. కొత్తవాళ్లకి గోడలన్నీ ఒకేలా కనపడతాయి. అందుకే ఇద్దరు ముందుగా లోపలికి వెళ్లి, ప్రింటు చేతిలో పెట్టుకుని పేరు వెతకాలి. దొరక్కపోతే అక్కడి సిబ్బందిని అడగండి, సాయం చేస్తారు. ఆలోగా మిగతావాళ్లు కుటుంబంతో బయట కూర్చోవాలి. గోడ ఖాయమయ్యాకే ఆ తల్లిని నేరుగా దాని ముందుకి తీసుకెళ్లండి. వేల పేర్ల మధ్య కొడుకు పేరు వెతుక్కుంటూ తిరిగే పరిస్థితి ఆమెకి రాకూడదు.

పేరు ముందుకి చేరాక మీరు చేయాల్సింది ఏమీ లేదు. వెనక్కి జరగండి. చదువు రానివాళ్లైతే ఏ పలకో వేలితో చూపించండి, చాలు. చాలామంది ముట్టుకుంటారు. మొదట అరచేయి మొత్తం పెట్టి, తర్వాత చూపుడు వేలితో ఒక్కో అక్షరం మీదుగా వెళ్తారు. రాయి చలికి చల్లగా ఉంటుంది, అయినా చేయి తీయరు. పావుగంట, అరగంట, ఎంత పడితే అంత. తొందరపెట్టొద్దు, "ఊరుకోమ్మా" అని ఆపొద్దు. పసుపు కుంకుమ పెట్టడం, కొబ్బరికాయ కొట్టడం లాంటివి అక్కడ కుదరవు. ఈ సంగతి బయల్దేరే ముందే ఇంటి దగ్గర మెల్లగా చెప్పి ఉంచండి. గ్రూపులో వేరే పేర్లున్న కుటుంబాలుంటే ఒకరి తర్వాత ఒకరిని తీసుకెళ్లండి.

నాలుగయ్యేసరికి అమర్ చక్ర వైపు కదలండి. కుటుంబం చేత పుష్పగుచ్ఛం పెట్టిస్తామని మీకు కబురు వచ్చి ఉంటే ఎక్కడ ఎప్పుడు రిపోర్టు చేయాలో చెప్పి ఉంటారు, దానికి అరగంట ముందే వెళ్లండి. ఎలా నడవాలో, ఎక్కడ ఆగాలో అక్కడివాళ్లే చూపిస్తారు. మిగతావాళ్లు చూడటానికి వీలైన చోటు చూసుకుని, పొట్టివాళ్లని, పిల్లలని ముందు నిలబెట్టండి. బ్యూగుల్ మోగేటప్పుడు కదలొద్దు. టోపీలు, మఫ్లర్లు తలల మీంచి తీయండి, చలికి తట్టుకోలేని పెద్దవాళ్లకి మినహాయింపు. చప్పట్లు కొట్టాలా వద్దా అని పిల్లలు అడుగుతారు. పుష్పగుచ్ఛం పెట్టేటప్పుడు కొట్టకూడదని చెప్పండి. నినాదాలు ఇవ్వాలని కుర్రాళ్లకి ఉత్సాహం వస్తుంది, అది మన ఊళ్లో చూసుకుందాం. అక్కడ ఇంకో కుటుంబం కూడా నిలబడి ఉంటుంది కదా.

వేరే రాష్ట్రం కుటుంబాన్ని చూస్తే పలకరించండి. భాష కలవకపోయినా ఫర్వాలేదు, నమస్కారం పెట్టండి. "ఎలా చనిపోయాడు" అని మాత్రం అడగొద్దు. "ఏ యూనిట్" అని అడగండి. సైనిక కుటుంబాల్లో మాట అక్కడి నుంచే మొదలవుతుంది, చెప్పాలనిపించింది వాళ్లే చెబుతారు.

ఆ రాత్రి వేరే కార్యక్రమం ఏదీ పెట్టుకోకండి. త్వరగా తినేసి గదులకి చేరాలి. చాలామందికి నిద్ర పట్టదు. కుటుంబం గదిలో ఒకరు తోడు పడుకోండి.

మర్నాడు

పరమ యోధ స్థల్‌ని మర్నాడు ఉదయానికి ఉంచుకోండి. మెమోరియల్ ఆవరణలోనే ఉంది, పరమవీర చక్ర పొందిన 21 మంది విగ్రహాలుంటాయి. ముందురోజు బరువు లేకుండా పిల్లలకి ఒక్కొక్కరి కథ చదివి చెప్పడానికి ఇదే మంచి సమయం. ఆదివారమైతే ఉదయం గార్డు మార్పిడి కార్యక్రమం కూడా చూడొచ్చు. తర్వాత ఇండియా గేట్.

గ్రూపులో పోలీసు కుటుంబాలుంటే చాణక్యపురిలోని నేషనల్ పోలీస్ మెమోరియల్‌కి తప్పకుండా వెళ్లండి. నక్సలైట్ల ఎదురుకాల్పుల్లో, మందుపాతరల్లో పోయిన మన పోలీసులకి అది చోటు. అక్టోబర్ 21 పోలీసు అమరుల దినం. 1959లో లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో సీఆర్‌పీఎఫ్ జవాన్లు పదిమంది పోయిన రోజు అది. రెండో ప్రపంచ యుద్ధపు కుటుంబాలని కంటోన్మెంట్‌లోని వార్ సిమెట్రీకి తీసుకెళ్లండి. అది బ్రార్ స్క్వేర్ దగ్గర, కాస్త దూరం. తెల్లటి రాళ్ల వరసలు, గడ్డి చాలా శుభ్రంగా ఉంచుతారు.

తిరిగొచ్చాక

ఫొటోలన్నీ వాట్సాప్‌లో పడేసి ఊరుకోకండి. పేరున్న పలక ఫొటో ఒకటి పెద్దగా ప్రింటు తీయించి ఫ్రేము కట్టించి కుటుంబానికివ్వండి. ఇంకొకటి ఆ జవాన్ చదివిన స్కూలుకి. స్కూల్లో ఆయన పేరు, రెజిమెంటు, తేదీ తెలుగులో రాసి పెట్టాలి. వీడియోలు కుటుంబాన్ని అడక్కుండా ఎక్కడా పెట్టొద్దు.

ఒక్కోసారి పేరు దొరకదు, లేదా తప్పుగా ఉంటుంది. అప్పుడు నిరాశపడి వదిలేయకండి. డ్యూటీలో ఉండగా జరిగిన ప్రతి మరణానికీ అక్కడ పేరు రాదు. మరణాన్ని రికార్డుల్లో ఏ రకం కింద రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే ముందు రికార్డ్ ఆఫీసుకి రాసి, మరణాన్ని ఏ రకం కింద నమోదు చేశారో లిఖితపూర్వకంగా అడగండి. జవాబు వచ్చాక జిల్లా సైనిక సంక్షేమ అధికారిని కలవండి. అక్షర దోషమే అయితే సర్వీసు కాగితాలు, పెన్షన్ కాగితం, ఆధార్ నకళ్లు జతచేసి రికార్డ్ ఆఫీసుకి, మెమోరియల్‌కి రెండింటికీ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రసీదు, ఉత్తరం నకలు ఒక ఫైల్లో పెట్టి ఆ ఇంట్లో చదువుకున్న పిల్లల చేతికివ్వండి. జవాబు వచ్చేవరకు రెండు నెలలకోసారి గుర్తుచేసే బాధ్యత గ్రూపులో ఒకరు పేరు రాసి తీసుకోవాలి.